మీ ప్రశ్నలు – మా జవాబులు: ట్రావెల్ ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ జాక్

ప్రశ్న: మా ట్రావెల్ ట్రైలర్ (వాహనం వెనుక లాగే చక్రాల ఇల్లు) నీళ్లు, గ్యాస్ సిలిండర్లు, సామాను అన్నీ నింపుకొన్న తరువాత సుమారు 6,000 పౌండ్లు తూగుతుంది. దాని ముందు కొనను ఎత్తి దించే జాక్‌ను ఇంతకాలం చేతితోనే తిప్పుతూ వచ్చాను; ఇప్పుడు భుజం సహకరించడం లేదు. ఎలక్ట్రిక్ జాక్ కొందామని చూస్తే 3,500 పౌండ్ల నుంచి 5,000 పౌండ్ల వరకు రకరకాలు కనిపిస్తున్నాయి. మా ట్రైలర్ టంగ్ (ముందుకు పొడుచుకొని ఉండే కమ్మీల భాగం) మీద పడే బరువు 900 పౌండ్లకు మించదు. అన్నింటికంటె చిన్న జాక్ కూడా దానికి దాదాపు నాలుగింతలు ఎత్తగలిగినప్పుడు, ఈ పెద్ద అంకెలు ఎవరి కోసం? మేము బరువును పంచే హిచ్ (ట్రైలర్‌ను వాహనానికి తగిలించే భాగం) వాడుతున్నాము.

జవాబు: చివరి వాక్యాన్ని మీరు మాటవరసకు రాసి ఉంటారు గానీ, జవాబు చాలావరకు దానిలోనే ఉంది.

ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద పడాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఎడ్లబండికి నొగ ఎలాంటిదో ట్రైలర్‌కు టంగ్ అలాంటిది. దాని మీద బరువు మరీ తగ్గిపోతే ట్రైలర్ దారిలో అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ లెక్కన మీ టంగ్ బరువు 600 నుంచి 900 పౌండ్ల మధ్య ఉండాలి కాబట్టి, మీరు చెప్పిన అంకె సబబుగానే ఉంది. మామూలు హిచ్ అయితే విషయం అక్కడితో ముగిసేది. బరువును పంచే హిచ్‌తో మరొక పని ఉంటుంది. టంగ్ కొనన ఉండే కప్లర్, వాహనం వెనుక ఉండే ఇనుప బంతి (బాల్) మీద కూర్చొని గొళ్లెం పడిన తరువాత, బరువును పంచే స్ప్రింగు కడ్డీలను తగిలించడం కోసం జాక్‌ను మళ్లీ పైకి నడుపుతారు కదా. అప్పుడు ట్రైలర్ ముక్కుతో పాటు దానికి తగులుకొని ఉన్న మీ వాహనం వెనుక భాగం కూడా లేస్తుంది. మొదటి ఒకటి రెండు అంగుళాలలో జాక్ తన టంగ్ బరువును తాను మోస్తుంది, అక్కడి నుంచి పైకి పోయే ప్రతి అంగుళానికీ వాహనం బరువును కూడా కొద్దికొద్దిగా తన మీద వేసుకుంటుంది. కడ్డీలు ఎంత బిరుసుగా ఉంటే, మీరు ఎంత ఎత్తు లేపవలసి వస్తే, ఆ భారం అంత పెరుగుతుంది. కాబట్టి జాక్‌కు అసలు పరీక్ష ట్రైలర్ ముక్కును ఒక్కదానినే లేపేటప్పుడు కాదు, ఆ కడ్డీలను తగిలించేటప్పుడు, విప్పేటప్పుడు.

ఇంత చెప్పిన తరువాత కూడా, మీ ట్రైలర్‌కు 3,500 పౌండ్ల జాక్ చాలునన్నదే నా అభిప్రాయం. 8,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌ను బరువైన పికప్‌తో లాగేవారికైతే నేను 4,500 కంటె తక్కువది సూచించను. పెద్ద అంకె ఉన్నదల్లా మేలైనదని అనుకోవద్దు. ఒకే శక్తి గల మోటారుతో ఎక్కువ బరువు ఎత్తాలంటే వేగం తగ్గవలసిందే, ఇంకా మోటారు ఉండే పైభాగం, అంటే తల, పెద్దదవుతుంది, బరువు పెరుగుతుంది. అట్టపెట్టె మీద ఉన్న అంకె ఎత్తే సామర్థ్యమా, లేక ఎత్తిన తరువాత కదలకుండా నిలబెట్టే సామర్థ్యమా అన్నది మాత్రం తప్పకుండా చదవండి. రెండవది సహజంగా పెద్దదిగా ఉంటుంది, దానినే పెద్ద అక్షరాలతో వేసేవారు లేకపోలేదు.

టంగ్ బరువు 900 పౌండ్లకు మించదని ఎవరు చెప్పారో మీరు రాయలేదు. కరపత్రంలో చదివినదైతే అది ఖాళీ ట్రైలర్ లెక్క అయి ఉంటుంది. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, ముందు అరలో పెట్టిన పనిముట్లు అన్నీ టంగ్‌కు దగ్గరగానే ఉంటాయి. ఇంట్లో బరువు చూసుకునే చిన్న కాటాతో మీరే తూచవచ్చు. ట్రైలర్‌ను ప్రయాణానికి నింపినట్లు నింపి, సమతలమైన చోట నిలిపి, చక్రాలకు ముందూ వెనుకా అడ్డు దిమ్మెలు పెట్టండి. నాలుగడుగుల పొడవున్న గట్టి దుంగను తీసుకొని, ఒక కొన దగ్గర దాని కింద కాటా ఎత్తు ఉన్న ఇటుకను, అక్కడి నుంచి సరిగ్గా మూడడుగుల దూరంలో కాటాను పెట్టండి. రెండింటి మీదా దుంగ తగిలే చోట సన్నని ఇనుప కడ్డీ ముక్క ఉంచితే దూరాల కొలత ఖచ్చితంగా వస్తుంది. దుంగ బరువు వల్ల కాటా చూపే అంకెను ముందే రాసిపెట్టుకొని, ఇటుక నుంచి ఒక అడుగు దూరంలో జాక్ పాదాన్ని దుంగ మీదికి దించి, కప్లర్ బాల్ నుంచి పూర్తిగా వీడే వరకు లేపండి. కాటా చూపిన దానిలో దుంగ అంకెను తీసివేసి మూడుతో హెచ్చవేస్తే, జాక్ మీద పడుతున్న బరువు వస్తుంది. తీసివేత తరువాత 260 మిగిలితే బరువు 780 అన్నమాట. కప్లర్ కంటె జాక్ ఇరుసులకు కొంచెం దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఈ అంకె బాల్ మీద పడే బరువు కంటె కాస్త ఎక్కువే ఉంటుంది. మనకు కావలసింది కూడా జాక్ మోసే బరువే.

ప్రశ్న: జాక్ స్ట్రోక్ (దాని కాలు చాచుకొనే మొత్తం పొడవు) 18 అంగుళాలని రాసి ఉంది. అది మా ట్రైలర్‌కు సరిపోతుందో లేదో, పాత జాక్ ఉన్న చోటే ఇది కూర్చుంటుందో లేదో ముందుగా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: స్ట్రోక్ ఎంతన్నది ఒక్కటే తెలిస్తే సరిపోదు, అది ఎక్కడి నుంచి మొదలవుతుందో కూడా తెలియాలి. ట్రైలర్‌ను సమతలంగా నిలిపి, జాక్‌ను బిగించిన పలక నుంచి నేల వరకు ఎత్తు కొలవండి. కొనబోయే జాక్ పూర్తిగా ముడుచుకున్నప్పుడు ఆ పలక కింద ఎంత పొడవు మిగులుతుందో, పూర్తిగా చాచుకున్నప్పుడు ఎంత వస్తుందో తయారీదారు ఇచ్చిన బొమ్మలో ఉంటుంది. చాచిన పొడవు మీరు కొలిచిన ఎత్తు కంటె కనీసం ఆరు అంగుళాలు ఎక్కువ ఉండాలని నేను చూసుకుంటాను, ఎందుకంటే పల్లంలో నిలిపిన ట్రైలర్ ముక్కును బాల్ కంటె పైకి తేవడానికీ, ఆ తరువాత వాహనం వెనుక భాగాన్ని లేపడానికీ ఆ ఆరూ ఖర్చయిపోతాయి. ముడిచిన పొడవు మరీ ఎక్కువైతే దారిలో గతుకుల దగ్గర పాదం నేలను కొడుతుంది. లోపలి కాలును కిందికి జార్చి పిన్ను గుచ్చే ఏర్పాటు ఉన్న జాక్‌లు ఈ రెండు చిక్కులకూ ఒకేసారి పరిష్కారం చూపుతాయి. అది లేకపోతే పాదం కింద చెక్క దిమ్మె వేసుకోవచ్చు. జాక్ ఎంత తక్కువ చాచుకుంటే అంత తక్కువ ఊగుతుంది కాబట్టి, కాలు జారే జాక్ ఉన్నవారికి కూడా దిమ్మె వేయడం మంచి అలవాటే.

బిగింపు విషయంలో పెద్దగా భయపడనవసరం లేదు. టంగ్ రెండు కమ్మీలు కలిసే చోట మధ్యలో ఒక పెద్ద రంధ్రం, దాని చుట్టూ ముక్కోణంగా మూడు బోల్టు రంధ్రాలు ఉండే ఏర్పాటు చాలా ట్రైలర్లలో ఒకటే. పెద్ద రంధ్రం సాధారణంగా 2.25 అంగుళాల గొట్టానికి సరిపోతుంది. కొన్ని పాతవాటిలో అది 2 అంగుళాలే ఉంటుంది కాబట్టి పాత జాక్ గొట్టం వ్యాసాన్ని కొలిచిన తరువాతే డబ్బు కట్టండి. పాతది బోల్టులతో కాక వెల్డింగుతో అతికి ఉంటే, దానిని కోయించడం వేరే పని.

చాలామంది మరచిపోయేది తల ఎత్తు. చేతి జాక్‌కు పైన ఒక పిడి మాత్రమే ఉంటుంది, దానిని ఏదో ఒక వైపుకు తిప్పి వదిలేస్తాము. ఎలక్ట్రిక్ జాక్ తలను అలా తప్పించడం కుదరదు. అది గేర్లు, మోటారు కలిసిన పెట్టె. ట్రైలర్ తగిలించి ఉండగా పికప్ వెనుక తలుపు దింపితే అది నేరుగా ఈ పెట్టె మీదికి వస్తుంది. ఈ సంగతి నేను తలుపు అంచున పడిన సొట్టను చూసి నేర్చుకున్నాను. మీరు అట్టపెట్టె ముక్కలతో నేర్చుకోవచ్చు: కొనబోయే జాక్ తల కొలతలతో ఒక డబ్బా చేసి, పాత జాక్ మీద అంత ఎత్తులోనే టేపుతో అంటించి, ట్రైలర్‌ను తగిలించి, తలుపును చేత్తో పట్టుకొని మెల్లగా దించండి. వాహనాన్ని కొద్దిగా మలుపు తిప్పి నిలిపి మరొకసారి చూడండి. గ్యాస్ సిలిండర్ల మూత తీయడానికి, బ్యాటరీ పెట్టె తెరవడానికి ఆ డబ్బా అడ్డం వస్తుందేమో కూడా అప్పుడే తేలిపోతుంది.

ప్రశ్న: మూడు నెలల కిందట ఎలక్ట్రిక్ జాక్ వేయించుకున్నాము. ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా నడుస్తుంది. బరువు పడగానే మూలుగుతూ ఆగిపోతుంది, అర నిమిషం తరువాత మళ్లీ నడుస్తుంది. దాని మీదున్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి కరెంటు అందుతున్నట్లే కదా? మోటారు పాడైందని, కొత్తది వేయాలని బిగించినవారు అంటున్నారు.

జవాబు: మోటారును ఇప్పుడే దోషిని చేయకండి. దీపం వెలగడం ఏమంత సాక్ష్యం కాదు. దానికి ఒక ఆంపియర్‌లో చిన్న వంతు చాలు, బరువు ఎత్తే మోటారుకు 20 నుంచి 30 ఆంపియర్లు కావాలి. వెంట్రుకంత దారి ఉన్నా దీపం వెలుగుతుంది, మోటారు మాత్రం ఆకలితో మూలుగుతుంది.

ఒక మల్టీమీటర్ తీసుకోండి. జాక్ బరువు ఎత్తుతుండగానే కొలవాలి, ఆగి ఉన్నప్పుడు కొలిస్తే అంతా బాగున్నట్లే కనిపిస్తుంది. బ్యాటరీ మొనల దగ్గర 12.4 వోల్టులు ఉండి, జాక్ తల దగ్గర 9.8 మాత్రమే వస్తున్నదనుకుందాము, మిగిలిన 2.6 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. ఎక్కడో పట్టుకోవడానికి మీటరు ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ మీద, రెండవ దానిని జాక్‌లోకి వెళ్లే పాజిటివ్ తీగ మీద పెట్టి చూడండి. తరువాత జాక్ ఒంటికీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూడండి. ఏ వైపు అర వోల్టుకు మించి చూపితే జబ్బు ఆ వైపున ఉంది. బ్యాటరీ మొనల దగ్గరే వోల్టులు కూలిపోతుంటే, మార్చవలసింది బ్యాటరీని.

అనుభవం మీద చెబుతున్నాను, ఎక్కువగా దోషం నెగటివ్ వైపే తేలుతుంది. ఈ జాక్‌లలో చాలావాటికి పాజిటివ్ తీగ ఒక్కటే ఉంటుంది. తిరుగు దారి జాక్ ఒంటి నుంచి ఆ మూడు బోల్టుల గుండా ట్రైలర్ చట్రంలోకి పోవాలి. చట్రానికి దట్టంగా రంగు ఉంటుంది, జాక్ పలకకూ రంగు ఉంటుంది, రెండు రంగుల మధ్య 25 ఆంపియర్లు ఎలా పోతాయి? బోల్టులు తీసి, తల కింద పడే చోట మెరిసే ఇనుము కనిపించేలా రంగు గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయండి. అంతకంటె నమ్మకమైన పద్ధతి, జాక్ ఒంటి నుంచి బ్యాటరీ నెగటివ్‌కు విడిగా ఒక లావు తీగ వేయడం.

పాజిటివ్ వైపున 30 ఆంపియర్ల ఫ్యూజు గానీ, తనంతట తానే తిరిగి కలుపుకొనే సర్క్యూట్ బ్రేకర్ గానీ బ్యాటరీకి దగ్గరగా ఉంటుంది. ఆగి, అర నిమిషానికి మళ్లీ నడవడం అటువంటి బ్రేకర్ లక్షణమే. వోల్టులు తగ్గినప్పుడు మోటారు బరువును లాగలేక నెమ్మదించి, పెద్ద కరెంటును ఎక్కువసేపు తీసుకుంటూనే ఉంటుంది, బ్రేకర్ వేడెక్కి విడిపోతుంది, చల్లారాక కలుస్తుంది. కాబట్టి బ్రేకర్‌ను పెద్దది చేయడం మందు కాదు, తీగ కాలిపోతుంది. తీగ 10 గేజి కంటె సన్నగా ఉందేమో, మధ్యలో నొక్కి కలిపిన అతుకు వదులుగా ఉందేమో చూడండి. చేతితో పట్టుకుంటే వెచ్చగా తగిలే అతుకే మీరు వెతుకుతున్నది.

ఇవన్నీ సరిచేసి, తల దగ్గర 12 వోల్టుల చుట్టుపక్కల వస్తున్నా మోటారు ఆగిపోతుంటే, అప్పుడు బిగించినవారి మాట వినండి.

ప్రశ్న: బ్యాటరీ మధ్యలో అయిపోతే మా గతి ఏమిటి? వాహనం తీగ తగిలించి నడపవచ్చా?

జవాబు: జాక్ వల్ల బ్యాటరీ అయిపోతుందన్న భయం వద్దు. 25 ఆంపియర్ల చొప్పున ఒక నిమిషం నడిచినా ఖర్చయ్యేది 0.42 ఆంపియర్-గంటలే. ఇతర కారణాలతో బ్యాటరీ పడిపోతే మాత్రం ట్రైలర్ దీపాలకు, బ్రేకులకు కరెంటు ఇచ్చే వాహనం ఏడు పిన్నుల ప్లగ్గు మీద ఆధారపడకండి. దానిలోని చార్జింగు తీగ చాలా వాహనాలలో ఇంత కరెంటు కోసం వేసినది కాదు, వాహనంలో ఫ్యూజు పోవచ్చు. అందుకే చేతితో తిప్పే ఏర్పాటు లేని జాక్‌ను కొనవద్దు. రబ్బరు మూత తీసి కడ్డీ పెట్టి తిప్పే ఆ ఏర్పాటును ఇంటి దగ్గరే ఒకసారి ప్రయత్నించండి. సిలిండర్ల మూతకు తగిలి కడ్డీ అర చుట్టుకే ఆగిపోయే ట్రైలర్లు ఉన్నాయి. కడ్డీ లోపల ఉండగా స్విచ్ నొక్కకండి, అది మణికట్టు మీదికి గిర్రున తిరుగుతుంది.

ప్రశ్న: టైరు మార్చేటప్పుడు ఈ జాక్‌తోనే ట్రైలర్‌ను లేపవచ్చా?

జవాబు: లేపకూడదు. ఇది ముక్కును నిలువునా ఎత్తడానికి చేసినది. చక్రం నేలను విడిచేంతగా ట్రైలర్‌ను వాల్చితే పక్కకు పడే బలానికి లోపలి గొట్టం వంగిపోతుంది. అదే కారణం చేత, ఈ జాక్ ఒక్కదాని మీద ట్రైలర్ నిలబడి ఉన్నప్పుడు ఎవరూ కిందికి దూరరాదు. పాత జాక్‌ను విప్పి కొత్తది వేసే రోజున కూడా కప్లర్‌ను వాహనం బాల్ మీద గొళ్లెం వేసి ఉంచండి, లేదా టంగ్ కమ్మీల కింద రెండు వైపులా గట్టి స్టాండ్లు పెట్టిన తరువాతే మొదటి బోల్టు మీద పానా వేయండి.