కడ్డీ వేశాక ఆలస్యం చేయకుండా పోత మొదలుపెట్టు

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

ఎల్‌ఎం25 (సిలికాన్ కలిసిన అల్యూమినియం) కాస్టింగులు మూలల్లో పగులుతున్నాయనీ, గ్రెయిన్‌ని, అంటే మెటల్‌లోని స్ఫటికాల్ని, సన్నం చేసే గ్రెయిన్ రిఫైనర్ కడ్డీ వేస్తున్నా తేడా లేదనీ, సప్లయర్‌ని మార్చాలనుకుంటున్నాననీ రాశావు. సప్లయర్ సంగతి తర్వాత. మీ వాళ్లు కడ్డీ వేశాక ఎంతసేపటికి పోస్తున్నారో చూశావా?

నెయ్యి నిదానంగా చల్లారితే లావు పూస కడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే సన్నగా గడ్డకడుతుంది. మెటలూ అంతే. ఇసుక అచ్చులో వేడి మెల్లగా పోతుంది కాబట్టి గ్రెయిన్ పెద్దదవుతుంది. అచ్చు గోడ తగిలిన చోట ముందు సన్నటి స్ఫటికాలు పుడతాయి. వాటిలో కొన్నే లోపలికి పొడవుగా స్తంభాల్లా సాగుతాయి. రెండు గోడల నుంచి వచ్చినవి నడుమ ఎదురుపడే చోట చివరి ద్రవం చిక్కుకుంటుంది. మెటల్ కుదించుకుపోయేటప్పుడు అక్కడే చీలుతుంది.

కడ్డీలో 5 శాతం టైటానియం, 1 శాతం బోరాన్ ఉంటాయి కదా. అవి రెండూ కలిసిన టైటానియం డైబోరైడ్ రేణువులు మెటల్‌లో కరగవు. మైక్రాన్ అటూ ఇటూ సైజు. మెటల్ గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి దిగగానే వాటి మీద స్ఫటికం మొదలవుతుంది. నూటికి ఒకటే పనిచేస్తుంది, అదీ చాలు. కరిగిన టైటానియం మాత్రం పుట్టిన స్ఫటికాన్ని త్వరగా పెరగనివ్వదు, ఈలోగా పక్క రేణువుకీ అవకాశం దొరుకుతుంది. సిలికాన్ 7 శాతం ఉన్న మీ మెటల్‌లో టైటానియం బలం కొంత తగ్గుతుంది. శుద్ధ అల్యూమినియంలో వచ్చినంత సన్నం వస్తుందని ఆశపడకు.

ఇక అసలు చిక్కు. ఆ రేణువు సాంద్రత సుమారు 4.5, ద్రవ అల్యూమినియంది 2.4 దరిదాపు. కదపకుండా ఉంచితే క్రూసిబుల్ (మెటల్ కరిగించే మూస) అడుక్కి దిగిపోతుంది. పొద్దున కడ్డీ వేసి, టీలు తాగి, అచ్చులు సర్దుకుని పోస్తే ఏం మిగులుతుంది? ముందు ఫ్లక్స్ (మెటల్‌ని శుభ్రపరిచే పొడి), డ్రాస్ (పైన తేలే తెట్టు) పని ముగించుకో. తడిలేని, ముందే వేడిచేసిన కడ్డీ వెయ్యి. అడుగు దాకా కలుపు, నాలుగైదు నిమిషాలు ఆగు, పోత మొదలుపెట్టు. అరగంట దాటితే మళ్లీ అడుగు నుంచి కలపాలి. టన్నుకు 1 నుంచి 2 కిలోలు చాలు. 9.5 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 190 గ్రాములు తూగుతుంది, కాబట్టి 200 కిలోల క్రూసిబుల్‌కి ఒకటి రెండు మీటర్లు. ఎక్కువ వేస్తే డబ్బు దండగ, అడుగున బురద.

పోత ఉష్ణోగ్రత తగ్గిస్తే గ్రెయిన్ సన్నమవుతుందని మీ సూపర్‌వైజర్ చెప్పింది నిజమే. కానీ కాస్టింగులో పలుచని గోడలు నిండకుండా ఉండిపోతాయి, నాకా దారి నచ్చదు. స్ట్రాన్షియం వేస్తున్నాం కదా అని కూడా అనకు. అది సిలికాన్ సూదుల్ని మార్చడానికి, గ్రెయిన్‌కి కాదు.

ఒకే హీట్‌లో, అంటే ఒకసారి కరిగించిన మెటల్‌లోనే, మూడు చిన్న కప్పులు పోయించు: కడ్డీ వేయకముందు ఒకటి, వేసి కలిపిన అయిదు నిమిషాలకి ఒకటి, పోత చివర్న ఒకటి. నిలువునా కోయించి ల్యాబ్‌లో ఎచింగ్ (గ్రెయిన్ కనపడేలా కోసిన ముఖాన్ని ఆమ్లంతో తినిపించడం) చేయించు. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు, నువ్వు ముట్టుకోకు. గ్రెయిన్ కంటికే కనిపిస్తుంది. రెండోది సన్నగా ఉండి మూడోది లావుగా ఉంటే సప్లయర్ తప్పేం లేదు. రెండోదీ మొదటిదీ ఒకేలా ఉంటే అప్పుడు ఫోన్ చెయ్యి, కడ్డీ సంగతి మాట్లాడదాం.

మీ మామయ్య