నెల రోజులుగా ఒకే తప్పుతో కూర్చున్న అబ్బాయిని కోర్సు మార్చమనాలా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. మా రొయ్యల మేత దుకాణానికి బిల్లింగు, స్టాకు ప్రోగ్రాములు రాస్తున్నాడు. రెండూ ఒకే ఫైలులో రాయబోతే ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అని వస్తోందంటూ నెల రోజులుగా దానితోనే ఉన్నాడు. తోటివాళ్లందరూ ఏఐ నేర్చుకుంటున్నారు. ఇది మాన్పించి అమీర్‌పేటలో ఏఐ కోర్సులో చేర్చుదామని అడ్వాన్సు కట్టాం. ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, ఒంగోలు నుంచి నెల్లూరు దాకా తల్లిదండ్రులు నన్ను అడిగేది పేరుకు కోర్సు గురించే గాని, లోపల ఉన్నది మన పిల్లవాడు వెనకబడిపోతున్నాడేమోనన్న భయం. మీ అబ్బాయి వెనకబడలేదు. అతడు పట్టుకున్నది నిజమైన సమస్య.

ఆ సందేశం ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఇచ్చేది. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేస్ నేడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉంది. దీనికి విడిగా సర్వర్, అంటే అందరి తరఫున ఫైలును చూసుకునే ప్రోగ్రాము, ఉండదు. ప్రతి ప్రోగ్రామూ ఫైలును నేరుగా తెరుస్తుంది కనుక, వంతులు పాటించే బాధ్యత ఫైలు తాళాల మీదే పడుతుంది. మీ ఖాతా పుస్తకాన్ని ఎందరైనా తొంగి చూడవచ్చు గాని కలం ఒకరి చేతిలోనే ఉండాలి, ఇక్కడా అంతే. ఎంతసేపు ఆగాలో ప్రోగ్రాము చెప్పకపోతే, కలం దొరకని రెండోవాడు ఆగకుండా వెంటనే తప్పు చూపి తప్పుకుంటాడు. కాబట్టి ముందు ఆ గడువు పెట్టమనండి. మార్పులను ముందు పక్కన వేరే ఫైలులో రాసుకునే ‘వాల్’ పద్ధతి 2010లో వచ్చింది. దాన్ని వాడితే చదివేవారు రాసేవారికి అడ్డు రారు, అయినా రాసేది ఒక్కరే. స్టాకు ఎంత ఉందో చదివి, అదే ట్రాన్సాక్షన్‌లో (అంటే మొత్తం ఒకే పనిగా పూర్తికావలసిన మార్పుల కట్టలో) తగ్గించి రాయబోయే లోపల రెండో ప్రోగ్రాము రాసేసి ఉంటే, ఎంత గడువు పెట్టినా ప్రయోజనం ఉండదు. ట్రాన్సాక్షన్‌ను ‘బిగిన్ ఇమీడియట్’ అనే ఆదేశంతో మొదలుపెట్టి, రాసే హక్కును ముందే తీసుకోవాలి. ఆ ట్రాన్సాక్షన్ ఎంత చిన్నదైతే అంత మంచిది. ‘వాల్’ పనిచేయాలంటే రెండు ప్రోగ్రాములూ ఒకే కంప్యూటర్‌లో ఉండాలి. గోదాములోని కంప్యూటర్ నెట్‌వర్కు ద్వారా అదే ఫైలును తెరవాలనుకుంటే ఆ దారి వదిలి, పోస్ట్‌గ్రెస్ వంటి సర్వర్ డేటాబేస్‌కు మారడమే క్షేమం. బ్యాకప్ పేరుతో, నడుస్తున్న ఫైలును మామూలుగా కాపీ చేయకూడదని కూడా చెప్పండి. పక్కనున్న ‘వాల్’ ఫైలులోని తాజా బిల్లులు ఆ కాపీలోకి రాకపోవచ్చు.

ఇక ఏఐ కోర్సుల సంగతి. ఏఐ మీద నాకు చిన్నచూపు లేదు. మూడు నెలల్లో నేర్పిస్తామనే మాట మీదే నా అనుమానం. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ వంటి గణితం పక్కన పెట్టి, ఎవరో సిద్ధం చేసిన డేటా మీద ఎవరో రాసిన కోడును నడిపించి చూపితే, విద్యార్థికి మిగిలేది సర్టిఫికెట్టు. అక్కడ ఏ ప్రోగ్రామూ మరో ప్రోగ్రాముతో పోటీపడదు, కరెంటు మధ్యలో పోదు, కౌంటరు దగ్గర బిల్లు కోసం రైతు నిలబడి ఉండడు. ఇవన్నీ మీ అబ్బాయికి ఇంట్లోనే ఎదురవుతున్నాయి.

కటువుగా ఉంటే మన్నించాలి. నెల రోజులుగా అతడు ఏం చేస్తున్నాడో పక్కన కూర్చుని అడగకుండానే, తోటివాళ్లను చూసి అడ్వాన్సు కట్టి వచ్చారు. పని చేస్తున్నది మీ దుకాణం కోసమే అయినప్పుడు, ఆ మాత్రం ఓపిక మీరు చూపవలసింది.

పోలిక అడిగారు కనుక: డేటాబేస్ పని నేర్చినవాడు తర్వాత ఏఐ వైపు వెళ్లినా అక్కడా డేటాను భద్రపరచవలసిందే గనుక నేర్చినది వృథా కాదు. గణితం లేకుండా ఏఐ కోర్సు మాత్రమే చేసినవాడు ఇటు రావాలంటే దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టాలి. గణితం మీద అతడికి నిజంగా ఇష్టముంటే ఏఐ కూడా మంచి దారే. ఆ సంగతి అతడే చెప్పాలి.

అడ్వాన్సు తిరిగి ఇస్తారేమో అడగండి. ఇవ్వబోమని వారంటే, బ్యాచ్‌ను సెమిస్టర్ పరీక్షల తర్వాతి సెలవులకు మార్చమని రాతపూర్వకంగా కోరండి. మిగిలిన ఫీజు మాత్రం ఇప్పుడు కట్టకండి.