సమీక్ష బటన్ నొక్కితే ఫిర్యాదు చేసినట్టు కాదు

సోషల్ మీడియాలో నా పోస్టు తీసేశారు, రెండుసార్లు సమీక్ష కోరినా ఒప్పుకోలేదు, ఇక దారి ఉందా అని మీరు అడిగారు. ఉంది, ఆ దారిలో నేను నడిచాను.

2023 ఆషాఢంలో మా బస్తీ బోనాలకు మా మేనమామ పోతురాజు వేషం వేశారు. ఒళ్లంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని, గజ్జెల కాళ్లతో ఎగురుతూ ఆయన కొరడాతో తన ఒంటిపైనే కొట్టుకుంటుండగా నేను నిమిషంన్నర వీడియో తీసి పెట్టాను. తెల్లవారేసరికి అది లేదు. కారణం 'స్వీయహాని' అట. కింద ఆత్మహత్యల నివారణ సహాయవాణి నంబరు. అమ్మవారి తమ్ముడిగా ఊరేగింపుకు ముందు నడిచిన మనిషి ఆ సందేశాన్ని నాతో చదివించుకుని చాలాసేపు మాట్లాడలేదు.

సమీక్ష బటన్ రెండుసార్లు నొక్కాను. నిమిషాల్లోనే తిరస్కరించారు కాబట్టి దాన్ని ఏ మనిషీ చూడలేదని నా గట్టి నమ్మకం. చట్టం దృష్టిలో అసలు ఫిర్యాదు వేరే ఉందని అప్పుడే తెలిసింది. కేంద్ర ప్రభుత్వ 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి సోషల్ మీడియా వేదికకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, అప్పటి లెక్కన 15 రోజుల్లో పరిష్కరించాలి. 50 లక్షలకు మించి వినియోగదారులున్న పెద్ద వేదిక తనంతట తాను పోస్టు తొలగిస్తే, ముందే కారణం చెప్పి, మన వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వాలి. నాకు ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు. వేదిక తన నిబంధనలను, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న (తెలుగు వంటి) భాషల్లో వినియోగదారు కోరిన దానిలో తెలియజేయాలని 2022 సవరణ అంటున్నా, నాకు వచ్చిన జవాబులన్నీ ఇంగ్లీషులోనే.

నేను ఫిర్యాదు రాస్తే అధికారి పదమూడో రోజున కాదన్నారు. ఆ జవాబు అందిన 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం నియమించిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులతో అలాంటివి మూడు కమిటీలు 2023 జనవరిలో ఏర్పాటయ్యాయి. అంతా ఆన్‌లైన్‌లోనే, వకీలు అక్కర్లేదు. పోతురాజు ఎవరో, కొరడా ఎందుకో నేను పేజీన్నర రాసి పంపాను. కమిటీ ఉత్తర్వు రాకముందే, బోనాలు ముగిసిన రెండు నెలలకు, ఏ వివరణా లేకుండా వీడియో తిరిగి వచ్చింది. క్షమాపణ మాట లేదు, మామయ్యకు అదే బాధ.

మీరు మాత్రం మూడోసారి సమీక్ష కోరుతూ కూర్చోకండి. గడువులు సవరణలతో మారుతుంటాయి కాబట్టి తాజా నిబంధన చూసుకుని, తొలగింపు సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఈరోజే అధికారికి రాయండి. వారిచ్చే ఫిర్యాదు సంఖ్య జాగ్రత్త, అప్పీలు దరఖాస్తులో దాన్నే అడుగుతారు.