ఎన్నారై సందేహాలు: పాలకొల్లులో వదిలొచ్చిన కారు

సందేహం: కొత్తగా డాలస్ వచ్చాను. పాలకొల్లులో నాన్నగారి 2011 పెట్రోల్ స్విఫ్ట్ ఉంది. ఆయన ఇప్పుడు నడపరు, అమ్మడం ఇష్టం లేదు. ఏడాదికోసారి వచ్చినప్పుడు వాడుకోవాలంటే ఎలా ఉంచాలి?

జవాబు: కొత్తగా వచ్చినవాళ్ళు చేసేదే నువ్వూ చేస్తావు తమ్ముడూ. కవరు కప్పేసి, బయల్దేరేముందు మెకానిక్‌కి డబ్బు పంపి, "డాలర్లలో ఎంతలే" అనుకుంటావు. ఆ లెక్కే కొంప ముంచేది. అమెరికా వాళ్ళ కారని తెలిశాక బిల్లుకి రెక్కలొస్తాయి. ఆ బిల్లులో చాలా భాగం, తెలిసిన డ్రైవరుకి కూలిచ్చి తిప్పిస్తే తప్పిపోయేదే.

ముందు బ్యాటరీ. తాళం తీసేసినా గడియారం, అలారం కరెంటు లాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ యాంపియర్లే అనుకో, రోజుకి 1.2 యాంపియర్ అవర్లు. 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ నెల తిరక్కుండా ఖాళీ. 12.4 వోల్టుల కిందే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఛార్జింగు పెట్టినా నిలవదు. కారు తిరగని రోజుల్లో నెగటివ్ టెర్మినల్ విప్పి ఉంచమను. విప్పేటప్పుడు అదే ముందు, బిగించేటప్పుడు అదే ఆఖర్న. లేదంటే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి.

ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు. మానిపించు. స్టార్టర్ తిన్న ఛార్జి అంతలో తిరిగి రాదు. ఇంజను బాగా వేడెక్కకపోతే ఆయిల్లో, సైలెన్సర్లో చేరిన చెమ్మ ఆవిరవదు, సైలెన్సర్ లోపల్నుంచి తుప్పు తింటుంది. పదిహేను రోజులకోసారి డ్రైవరుని భీమవరం వెళ్ళి రమ్మను, దారిలో ఓ పది నిమిషాలు ఏసీ వేసి. గ్యాస్ తిరిగితేనే కంప్రెసర్ సీలుకి ఆయిల్ అందుతుంది.

ఇక మన డెల్టా జబ్బులు. సముద్రపు గాలికి తోడు, చేపల లారీల నుంచి రోడ్డంతా నీళ్ళు కారుతుంటాయి. తలుపుల అడుగు అంచున నీరు పోయే చిన్న కన్నాలుంటాయి, వాటిలో మట్టి గట్టిపడితే నీరు లోపలే నిలుస్తుంది. బయట పెయింటు పొంగేసరికి లోపల రేకు పోయినట్టే. వానలకి ముందు చీపురుపుల్లతో పొడిపించు. వైపర్ల కింది జాలీలో కొబ్బరి పూత, వేపాకు పేరుకుంటే వాననీరు కాళ్ళ దగ్గర కార్పెట్టులోకి దిగుతుంది. ప్లాస్టిక్ కవరు చెమ్మని పట్టి ఉంచుతుంది, వద్దు. కొబ్బరిచెట్టు కింద పెట్టొద్దని చెప్పాలా అనకు, పెట్టేవాళ్ళున్నారు.

కోతలయ్యాక చేలల్లో ఎలుకలు ఇళ్ళ మీద పడతాయి. కలరా ఉండలు వాసన ఉన్నంతసేపే. షెడ్డులో బానెట్ ఎత్తి ఉంచితే వెలుతురుకి గూడు పెట్టడానికి జంకుతాయి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి, గడ్డి, గుడ్డపీలికలు లేవని చూశాకే స్టార్ట్ చేయమను.

రేడియేటర్లో బోరు నీళ్ళు పోయనివ్వకు, ఆ ఉప్పుకి లోపల పొర కడుతుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. ఇంజను ఆయిల్ తిరిగినా తిరక్కపోయినా ఏడాదికి, చెమ్మ పీల్చే బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకి మార్చాలి. హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేస్తే వెనక డ్రమ్ముల్లో షూలు అతుక్కుంటాయి. మొదటి గేరులో వేసి చక్రాలకి ఇటుకలు పెడితే చాలు. టైరు గీతలు చూసి మురిసిపోకు, పక్కన నాలుగంకెలు చదువు. 2318 అంటే 2018లో 23వ వారంలో చేసింది. అంత పాతదాన్ని హైవే ఎక్కించకు.

వరద నీరు తలుపుదాకా వస్తే ఎవరూ తాళం తిప్పకూడదు. సిలిండర్లో చేరిన నీరు నొక్కుకోదు, పిస్టన్‌ని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఆ ఒక్క బిల్లుతో ఇంకో పాత కారు వస్తుంది.

రిజిస్ట్రేషన్‌కి 15 ఏళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. వివరాలు రవాణా శాఖ సైటులో చూసుకో. బీమా మాత్రం ఎప్పుడూ తెగకూడదు.

డబ్బు పంపేముందు విప్పిన పాత పార్టు ఫోటో అడుగు. డ్రైవరుకో చవక మల్టీమీటరు (వోల్టులు కొలిచేది) కొనిచ్చి, స్టార్ట్ చేసే ముందు బ్యాటరీ మీద పెట్టి, ఆ అంకె ప్రతిసారీ వాట్సాప్‌లో పంపమను. ముందు చెప్పిన 12.4 కంటే తగ్గుతోందేమో చూసుకో.