మాక్రో ఫోటోల కోసం 1,38,000 ఈఎంఐ పెట్టాలా?

ప్రశ్న: కాకినాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. చేతికొచ్చే జీతం 41,000. ఇంటి ఖర్చులు, పాప ఫీజు, నాన్నగారి మందులు పోను నెలకు 9,000 దాకా మిగులుతుంది. బంగారం మీద 85,000 అప్పుంది, వడ్డీ 10.5 శాతం. ఎఫ్‌డీ 60,000, విడిగా దాచుకున్నది 22,000. పురుగుల్ని, పూలను బాగా దగ్గరగా ఫోటోలు తీయాలని ఎప్పటినుంచో కోరిక. షాపులో మిర్రర్‌లెస్ కెమెరా, 100 ఎంఎం మాక్రో లెన్స్, రింగ్ లైట్ కలిపి 1,38,000 చెప్పారు. క్రెడిట్ కార్డు మీద 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తారట. అన్నయ్య దగ్గర కెనాన్ 1500డి, 18-55 లెన్స్ ఊరికే పడి ఉన్నాయి, కానీ పాతవి. ఫోటోలు అమ్మి ఈఎంఐ కట్టేయొచ్చని ఫ్రెండ్ అంటోంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. ఫోటోలు వద్దని కాదు, ఈ బేరం వద్దు. అన్నయ్య దగ్గర కెమెరా ఉండగా షాపుకి వెళ్లడం పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమే. అది 2018లో వచ్చిన 24 మెగాపిక్సెల్ కెమెరా, నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? పైగా అంత దగ్గర నుంచి తీసేటప్పుడు చాలామంది ఫోకస్ చేత్తోనే పెట్టుకుంటారు, కెమెరాను అర అంగుళం ముందుకీ వెనక్కీ జరుపుతూ పురుగు కన్ను స్పష్టంగా కనపడగానే బటన్ నొక్కుతారు. కొత్త కెమెరాల్లో మీరు ఎక్కువ డబ్బు పోసేది వేగమైన ఆటోఫోకస్‌కి, దానితో మీకు ఇక్కడ పెద్దగా పని పడదు.

ముందు ఆ నో కాస్ట్ సంగతి. అందులో వడ్డీ లేకపోవడం కాదు, ఆ వడ్డీ అంత మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా తగ్గించి చూపిస్తారు, బ్యాంకు తన వడ్డీ తను తీసుకుంటూనే ఉంటుంది. క్రెడిట్ కార్డు ఈఎంఐలో ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. కార్డు వడ్డీ 15 శాతం అనుకుంటే మీ 5,750 వాయిదాల్లో మొత్తం వడ్డీ భాగం 19,400 దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ సుమారు 3,500, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు. మొత్తం డబ్బు ఒకేసారి కడితే ఎంతకిస్తారని అడిగి చూడండి, చాలాసార్లు అసలు ధర అక్కడే బయటపడుతుంది. ఇదంతా పక్కన పెట్టినా, 9,000లో 5,750 రెండేళ్లపాటు పోతే మీకు మిగిలేది 3,250. నాన్నగారికి ఒక్కసారి ఒంట్లో బాగోకపోతే మళ్లీ బంగారమే బ్యాంకుకి వెళ్తుంది.

ఫోటోలు అమ్మడం గురించి ఒక్క మాట: వస్తే మంచిదే, లెక్కలో మాత్రం సున్నా వేసుకోండి.

ఇక సామాను. మాక్రో ఫోటోల్లో తరచూ వినిపించే 1:1 అంటే పురుగు ఎంత ఉందో సెన్సార్ మీద దాని బొమ్మ కూడా అంతే పడటం. 1500డి సెన్సార్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు కాబట్టి తొలకరికి నేల మీద పాకే ఆరుద్ర పురుగు ఒక సెంటీమీటరు ఉంటే ఫ్రేములో సగానికి కాస్త తక్కువ ఆక్రమిస్తుంది, ఆ ఎర్ర మఖమల్ నూగు లెక్కపెట్టేంత కనిపిస్తుంది. దీనికి మాక్రో లెన్సే ఉండక్కర్లేదు. కొన్ని వందలకు దొరికే రివర్స్ రింగ్‌తో 18-55 లెన్స్‌ను తిరగేసి బిగించినా బొమ్మ పెద్దదవుతుంది, కానీ కెమెరాతో కనెక్షన్ తెగిపోయి అపర్చర్ (లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, ఫోకస్‌లో వెంట్రుకవాసి భాగమే ఉంటుంది, లెన్స్ వెనక గాజు దుమ్ముకి తెరిచి పెట్టినట్టవుతుంది. సరదాకి ఒక ఆదివారం చేసి చూడొచ్చు, అంతే.

నేనైతే సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 55-250 లెన్స్ వెతికి, దాని ముందు రేనాక్స్ డీసీఆర్-250 క్లోజప్ లెన్స్ క్లిప్ చేయమంటాను. అది 8 డయాప్టర్లది, అంటే వస్తువు దాని నుంచి సుమారు 12 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఫోకస్ కుదురుతుంది. మీరు అనుకున్న 100 ఎంఎం మాక్రోలో కూడా 1:1 దగ్గర లెన్స్‌కీ పురుగుకీ మధ్య దూరం 13-15 సెంటీమీటర్లే! జూమ్ 125 దగ్గర పెడితే 1:1, 250కి తోస్తే దానికి రెట్టింపు. అంచుల్లో మంచి మాక్రో లెన్స్ అంత స్పష్టత రాదు, అది నిజమే, కానీ పురుగు అంచుల్లో ఉండదు కదా. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే బోలు గొట్టాలు) కూడా ఒక దారే, 50 ఎంఎం లెన్స్ ఉన్నవాళ్లకు అవి చవగ్గా కుదురుతాయి. కొంటే ఎలక్ట్రికల్ కాంటాక్టులు ఉన్నవే కొనండి, లేనివాటితో అపర్చర్ మార్చడం కుదరదు.

డబ్బు పెట్టాల్సింది వెలుతురు మీద. 1:1 దగ్గర అపర్చర్‌ను ఎఫ్/11 దాకా చిన్నది చేసినా ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరు కూడా ఉండదు, మాక్రో లెన్స్‌తోనైతే ఎఫ్/11 అన్నా సెన్సార్‌కి చేరే వెలుతురు ఎఫ్/22 అంత తక్కువ. గాలికి ఆకు ఊగుతుంది, మీ చెయ్యి వణుకుతుంది. షాపువాళ్లు అంటగట్టే ఎల్‌ఈడీ రింగ్ లైట్ ఈ పనికి చాలదు. స్పీడ్‌లైట్ (కెమెరా పైన బిగించే ఫ్లాష్) ఒకటి కొని, దాని ముందు తెల్లటి పల్చని షీటు వంచి కట్టండి, కానీ 1500డి ఫ్లాష్ బిగించేచోట మధ్య పిన్ లేదు కాబట్టి మామూలు మాన్యువల్ ఫ్లాషులు దాని మీద వెలగవు, ఆ కెమెరాకి పనిచేసే కెనాన్ ఈ-టీటీఎల్ రకమే అడగండి. తక్కువ పవర్‌లో పెడితే ఆ మెరుపు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు ఉంటుంది, ఊపంతా అక్కడే ఆగిపోతుంది. షీటు లేకపోతే పేడపురుగు వీపు మీద తెల్ల మచ్చ తప్ప ఇంకేమీ రాదు.

55-250 లెన్స్, రేనాక్స్, స్పీడ్‌లైట్ ఈ మూడింటికీ 18,000 దాటనివ్వకండి, అది మీ 22,000లోంచే తీయండి. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, అసలు 60,000 అంటేనే మీ ఇంటికి రెండు నెలల ఖర్చుకి కూడా చాలదు. నెలకు మిగిలే 9,000లో 6,000 బంగారం అప్పుకి కట్టండి. మధ్యలో కొంత కొంత కట్టనిస్తారా లేదా బ్యాంకులో అడిగి తెలుసుకోండి, ఇస్తే 16 నెలల్లో నగలు ఇంటికొస్తాయి. మిగతా 3,000 ఆర్‌డీలో వేస్తే అప్పటికి 48,000, వడ్డీ అదనం. అప్పటికీ వారాంతాల్లో కెమెరా బయటకు తీస్తూనే ఉంటే, కోరింగ మడ అడవుల దాకా వెళ్లి బురదలో ఎండ్రకాయల కోసం మోకాళ్ల మీద కూర్చునే ఓపిక ఉంటే, అప్పుడు సెకండ్ హ్యాండ్ 100 ఎంఎం మాక్రో తీసుకోండి. కెమెరా బాడీ ధర పడిపోయినంత వేగంగా మంచి లెన్స్ ధర పడిపోదు, వద్దనుకుంటే అమ్మేటప్పుడు పెద్దగా నష్టం రాదు. ఈలోగా ఇంట్లో అవసరం పడితే ఆ ఆర్‌డీ ఇంటిదే, లెన్స్ ఆగుతుంది.

వాడిన లెన్స్ ఏది కొన్నా దాని ముందు నుంచి టార్చ్ వేసి వెనక నుంచి చూడండి. లోపల సాలెగూడులా పోగులు కనిపిస్తే ఫంగస్, ధర ఎంత తగ్గించినా వదిలేయండి. మీ ఊరి ఉప్పు తేమకి కొత్తదానికీ పడుతుంది కాబట్టి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అరకిలో సిలికా జెల్ కూడా ఈ నెల ఖర్చులోనే రాసుకోండి. అన్నయ్య లెన్స్ ఇన్నాళ్లూ బ్యాగులో మూసి ఉంది కదా, ఆ టార్చ్ పరీక్ష ముందు దానికే చేయండి.