మెదడువాపులో నష్టం చేసేది వైరస్ ఒక్కటేనా?

ప్రశ్న: మా అక్క కొడుకుకు ఆరేళ్లు. జపనీస్ మెదడువాపు వచ్చి బతికి బయటపడ్డాడు గానీ కుడిచెయ్యి బిగుసుకుపోయింది. వైరస్‌తో పాటు ‘ఆక్సీకరణ ఒత్తిడి’ కూడా మెదడును దెబ్బతీసిందని డాక్టరు గారు అన్నారు. అలాగైతే మా ఎనిమిది నెలల పాపకు ముందుజాగ్రత్తగా విటమిన్ ఇ, సి మందులు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: డాక్టరు గారు చెప్పింది నిజమేనమ్మా. మెదడు మన బరువులో సుమారు 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. ఆ వాడకంలో కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల నుంచి హాని చేయగల చురుకైన ఆక్సిజన్ అణువులు పుడుతుంటాయి. గ్లూటాథయోన్ వంటి పదార్థాలు వాటిని ఎప్పటికప్పుడు అణచివేస్తుంటాయి. ఈ తూకం చెడడమే ఆక్సీకరణ ఒత్తిడి.

క్యూలెక్స్ దోమ కుట్టగా చేరిన వైరస్, నాడీకణం చేత తన ప్రోటీన్లను తయారుచేయించుకునే క్రమంలో ఆ తూకాన్ని చెడగొడుతుంది. అంతటితో ఆగదు. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు వైరస్‌ను ఎదుర్కోవడానికి ఇవే చురుకైన ఆక్సిజన్ అణువులను, వాటితో పాటు నైట్రిక్ ఆక్సైడ్‌ను, వాపును పెంచే రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ ధాటికి పక్కనున్న, వైరస్ సోకని నాడీకణాలు కూడా చనిపోతాయి. సీసా అడుగున మిగిలిన నూనె గాలి తగిలి వాసన మారడం మీరు చూసే ఉంటారు. కొవ్వుతో నిండిన నాడీకణాల పొరల్లోనూ అలాంటి రసాయన చర్యే, ఎంతో వేగంగా జరుగుతుంది. కదలికలను అదుపు చేసే థాలమస్, బేసల్ గాంగ్లియా భాగాలపై ఈ వ్యాధి ఎక్కువగా దెబ్బ తీస్తుంది కనుకనే చేతులు, కాళ్లు బిగుసుకుపోవడం తరచుగా కనిపిస్తుంది.

ఇక మందుల మాట. వాపును తగ్గించే మినోసైక్లిన్ ఎలుకలను కాపాడింది. మెదడువాపు రోగులపై ఉత్తరప్రదేశ్‌లో జరిపిన పరీక్షలో మాత్రం మరణాలను తగ్గిస్తుందని రుజువు కాలేదు. విటమిన్ మందులు ఈ జబ్బును ఆపుతాయనడానికీ ఆధారం లేదు. వాటిపై నమ్మకంతో టీకా వాయిదా వేస్తారేమోనన్నదే నా భయం. ఈ వ్యాధి కనిపించే జిల్లాల్లో ప్రభుత్వం 9 నెలలు నిండాక ఒక డోసు, 16–24 నెలల మధ్య రెండో డోసు ఉచితంగా వేస్తుంది. మీ జిల్లా ఆ జాబితాలో ఉందో లేదో ఆశా కార్యకర్తను ఈ వారమే అడగండి. బాబుకు ఫిజియోథెరపీ మాత్రం మానకండి. పసి మెదడు నెలల తరబడి కోలుకుంటూనే ఉంటుంది.