టెక్ సందేహాలు: పాడైన డిస్కును వారంటీకి పంపేయొచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో రెండు డిస్కుల నాస్ బాక్స్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైల్స్ దాచుకునే పెట్టె) ఉంది. రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా మిర్రర్ పెట్టుకున్నాను. రెండు నెలల క్రితం బీప్ మొదలైతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేశాను. ఇప్పుడు చూస్తే రెండో డిస్కు ఫెయిల్ అయిందని ఉంది. పాత కంప్యూటర్‌లోంచి తీసిన డిస్కు ఒకటి ఉంది, సైజు అదే. పెట్టేయొచ్చా? పాడైనదానికి వారంటీ ఉంది, పంపిస్తే మరోటి ఇస్తామంటున్నారు. పంపేయనా?

జవాబు: డిస్కు పోయిందంటూ వచ్చే మెయిల్స్‌లో 'బీప్ ఆపేశాను' అన్న మాట నాకు తరచూ తగులుతుంది. కాలిన వాసన వస్తోందని కిటికీ తెరిచి మళ్లీ పడుకున్నట్టుంది ఈ వరస. అయితే తప్పంతా మీ మీదే వేయను. ఇలాంటి చాలా బాక్సుల్లో బీప్ ఆపే బటన్ ఎదురుగా కనిపిస్తుంది. ఏ డిస్కుకు ఏమైందో తెలియాలంటే మాత్రం రెండు మూడు మెనూలు దాటాలి. మెయిల్ అలర్ట్ ఎక్కడుందో వెతికి మనమే ఆన్ చేసుకోవాలి. ఫలితం, ఇన్నాళ్లుగా మీ ఫొటోలూ కాగితాలూ ఒక్క డిస్కు మీదే ఆధారపడి ఉన్నాయి. అది కూడా బహుశా పాడైనదానితో కలిపి కొన్నదే, దానితో సమానంగా తిరిగినదే.

కాబట్టి ముందు బ్యాకప్, తర్వాతే డిస్కు మార్చడం. రీబిల్డ్ అంటే కొత్త డిస్కులోకి నకలు తీయడానికి మిగిలిన డిస్కును మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా చదివించడం. 8 టీబీ డిస్కును సెకనుకు 150 ఎంబీ వేగంతో చదివినా దాదాపు 15 గంటలు పడుతుంది. మధ్యలో మీరు సినిమా చూస్తే ఇంకా ఎక్కువ. అలసిపోయిన డిస్కు ఆ మధ్యలోనే కూలబడొచ్చు. మిర్రర్ ఉంది కదా అనుకోకండి, పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోంచీ అదే క్షణంలో పోతుంది.

మీ పాత డిస్కు వద్దు. పెట్టె మీద రాసిన సైజు ఒకటే అయినా లోపల కొద్దిపాటి సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న గడులు) తక్కువుంటే బాక్స్ దాన్ని తీసుకోదు. ఇంకో సంగతి: చదవలేని సెక్టార్ తగిలితే మామూలు డెస్క్‌టాప్ డిస్కు చాలాసేపు దానితోనే కుస్తీ పడుతుంది. నాస్ కోసం చేసినది సుమారు 7 సెకన్లలో వదిలేసి, చదవలేకపోయానని చెప్పేస్తుంది. ఆ ఆలస్యం చూసి కొన్ని బాక్సులు బాగానే ఉన్న డిస్కును కూడా పోయినట్టు లెక్కేసి పక్కన పెట్టేస్తాయి. కొత్తది కొనేటప్పుడు ఎస్ఎంఆర్ రకం కాదని చూసుకోండి. ఇంటి పెంకుల్లా ఒక ట్రాక్ అంచును ఇంకో ట్రాక్ కప్పేలా రాసే పద్ధతి అది. చదవడానికి ఇబ్బంది లేదు, రీబిల్డ్‌లాంటి ఎడతెగని రాతకు మాత్రం నత్తనడకే. నాస్ కోసమంటూ అమ్మిన డిస్కుల్లోనూ కొన్ని ఈ రకమేనని, ఆ సంగతి స్పెసిఫికేషన్లలో చెప్పలేదని 2020లో బయటపడింది. అప్పటినుంచీ నేను డబ్బా మీది మాట నమ్మడం మానేసి మోడల్ నంబర్‌తో వెతుకుతున్నాను.

తీసేటప్పుడు ట్రే నంబర్‌ను కాదు, సీరియల్ నంబర్‌ను నమ్మండి. ఒకసారి అడ్మిన్ పేజీలో 'డిస్క్ 1' అని ఉంటే పై నుంచి మొదటి ట్రే లాగేశాను. ఆ బాక్స్ లెక్క 0 నుంచి మొదలవుతుందట! చేతిలో వెచ్చగా ఉన్నది బాగున్న డిస్కు. ఆరోజు నుంచి ప్రతి ట్రే ముందు చిన్న టేపు ముక్క అంటించి, సీరియల్ నంబర్‌లోని చివరి నాలుగు అక్షరాలు రాస్తున్నాను. కొత్త డిస్కు పెట్టాక 'రిపేర్' అనే నొక్కాలి. 'ఇనిషియలైజ్' అని కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి, దానికి అర్థం మొత్తం తుడిచేయమని.

ఇక వారంటీ. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. డిస్కు ఫెయిల్ అయిందంటే అందులో ఏమీ లేదని కాదు. కొన్ని సెక్టార్లు చెడితేనే బాక్స్ దాన్ని పక్కన పెట్టేస్తుంది, మిగతాదంతా చక్కగా చదవొచ్చు. అసలు తిరగకపోయినా, పోయింది కింది సర్క్యూట్ బోర్డే కావొచ్చు. లోపల డేటా ఉండే పళ్లేల మీద రాసినది రాసినట్టే ఉంటుంది. మీది మిర్రర్, అంటే మీరు పంపేది మీ ఇంటి పూర్తి నకలు: పాస్‌పోర్ట్ స్కాన్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పిల్లల ఫొటోలు. రెయిడ్ 5 (డేటాను ముక్కలు చేసి మూడు లేదా అంతకన్నా ఎక్కువ డిస్కులకు పంచే పద్ధతి) వాడేవాళ్లు 'మాది ముక్కలు ముక్కలుగా ఉంటుంది' అని ధీమాగా చెబుతుంటారు. ఆ ముక్క 512 కేబీ అయితే, అంతకంటే చిన్న ఫైల్ చాలావరకు ఒకే డిస్కులో చెక్కుచెదరకుండా కూర్చుంటుంది. పాస్‌వర్డ్‌లు రాసుకున్న టెక్స్ట్ ఫైల్ ఎంతుంటుందో మీరే చూడండి. పైగా వారంటీకి వెళ్లిన డిస్కులు కొన్ని బాగుచేయించుకుని ఇంకొకరి ఇంటికి చేరతాయి.

డిస్కు ఇంకా పనిచేస్తుంటే కంప్యూటర్‌కు తగిలించి పూర్తిగా ఓవర్‌రైట్ చేయండి, అంటే పాత డేటా మీద వేరేది రాసేయండి. ఇప్పటి హార్డ్‌డిస్కులకు ఒక్కసారి చాలు. 35 సార్లు రాయాలన్న మాట 1996లో పీటర్ గట్‌మన్ రాసిన పత్రం నుంచి వచ్చింది, అది అప్పటి డిస్కుల సంగతి. క్విక్ ఫార్మాట్ మాత్రం విషయసూచిక చింపి పుస్తకం ఇచ్చేసినట్టే. చెడిన సెక్టార్లలో ఉన్నది ఓవర్‌రైట్‌కు అందదు, ఆ కాస్త రిస్కు ఎలాగూ ఉంటుంది. డిస్కు అసలు పనిచేయకపోతే తుడవలేరు. అప్పుడు నేనైతే పంపను, వారంటీ పోతే పోయింది.

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. సంస్థలకు అమ్మే సర్వర్లకు 'పాడైన డిస్కు మీ దగ్గరే ఉంచుకోండి, కొత్తది పంపుతాం' అనే ప్లాన్ ఎప్పటినుంచో ఉంది. అంటే ప్రమాదం వాళ్లకు తెలుసు, దానికి మందూ తెలుసు. ఇంట్లో వాడుకునేవాళ్లకు మాత్రం డిస్కు ఇస్తేనే డిస్కు. దీనికి సరైన విరుగుడు ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేని రూపంలో డేటాను రాయడం. సెటప్‌లో మన పేరు, ఊరి టైమ్ అడిగే బాక్సులు చాలావరకు దాని సంగతి ఎత్తవు. కొన్నింటిలో ఆన్ చేసినా, మీకు శ్రమ లేకుండా దానంతటదే తెరుచుకోవాలని కీని అవే డిస్కుల్లో దాస్తాయి. తాళం వేసి తాళంచెవి గడపకే తగిలించినట్టు. కీ పెన్‌డ్రైవ్‌లోనో, మీ తలలోనో ఉండాలి. ఒక మాట ముందే చెబుతున్నా: రీబిల్డ్ వల్ల ఎన్‌క్రిప్షన్ రాదు. ఎలాగూ బ్యాకప్ తీస్తున్నారు కాబట్టి, కొత్త డిస్కు వచ్చాక ఎన్‌క్రిప్ట్ చేసిన వాల్యూమ్ (ఫైల్స్ ఉండే నిల్వ స్థలం) కొత్తగా కట్టుకుని ఫైల్స్ అందులోకి తెచ్చుకోండి. ఒక ఆదివారం పోతుంది.

అది అయ్యాక మెయిల్ అలర్ట్ ఆన్ చేసి, టెస్ట్ మెయిల్ నిజంగా ఇన్‌బాక్స్‌కు వచ్చిందో, స్పామ్‌లో పడిందో చూడండి. బీప్ కూడా మళ్లీ ఆన్ చేయండి.